ఖాళీ కుర్చీకి అడ్డు రాకూడదు

ఫిబ్రవరి 10, సోమవారం

చప్పట్లు కొట్టమన్నారు. కొట్టాను. పక్కనున్న లెక్కల మాష్టారు ఉలిక్కిపడి నా వైపు చూసేంత గట్టిగా కొట్టాను.

బడి అయ్యాక టీచర్లందరినీ కూర్చోబెట్టి హెడ్మాష్టారు గొంతు సవరించుకుని చెప్పిన శుభవార్త ఏమిటంటే, మన బడిలో పుట్టిన 'చదువు వలయం' పద్ధతి పై ఆఫీసువాళ్ళకి తెగ నచ్చేసిందట. చరిత్రని పాఠంలా అప్పజెప్పించకుండా కథల పుస్తకంలా చదివించి, పిల్లల్ని గుండ్రంగా కూర్చోబెట్టి, వాళ్ళచేతే మాట్లాడించే ఈ పద్ధతిని కనిపెట్టి, రాసి పంపింది మూడో తరగతి టీచరమ్మట. వచ్చే నెల పెద్ద ఆఫీసరు స్వయంగా వచ్చి చూస్తుందట. బావుంటే ఈవిడనే అన్ని బళ్ళకీ తిప్పి మిగతా టీచర్లకి నేర్పిస్తారట.

కనిపెట్టిందట. దాని మొహం.

చరిత్ర అనగానే పిల్లలు బల్లల మీద తలలు వాల్చేస్తుంటే ఒళ్ళు మండి, అయిదో తరగతి బల్లలన్నీ గోడకి నెట్టేసి, కుర్చీలు గుండ్రంగా వేసింది నేను. ఒకడు ప్రశ్నల పెద్ద, ఒకడు మాటల వేటగాడు, ఒకరు బొమ్మలవాళ్ళు, ఒకరు ఆనవాళ్ళ పోలీసు అని పేర్లు పెట్టింది నేను. పుస్తకం చెప్పింది నిజమో కాదో బయటికి వెళ్ళి చూసి రావడం ఆ పోలీసు పని. అన్నిటికంటే మించి, ఖాళీ కుర్చీ నాది. పుస్తకం ఎవరి గురించి మాట్లాడుతుందో, కానీ ఎవరిని మాట్లాడనివ్వదో, వాళ్ళ కోసం వలయంలో ఒక కుర్చీ వదిలేస్తాం. చివర్లో ఒక పిల్లో పిల్లాడో అందులో కూర్చుని వాళ్ళ తరఫున మాట్లాడాలి. మాట్లాడినంతసేపూ ఎవరూ అడ్డు రాకూడదు. టీచరైనా సరే. అది నా నియమం.

ఇక ఆవిడ. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఏడాదిపాటు నా క్లాసు వెనక బెంచీలో కూర్చుని, నేను ఏం చెప్పినా తలూపేది. తలూపుడమ్మ అని నేనే పేరు పెట్టాను. ఇవాళ అందరి ముందూ లేచి నిలబడి, హెడ్మాష్టారు చెప్పినదానికల్లా అలాగే తలూపింది. నా వైపు మాత్రం చూడలేదు.

ఫిబ్రవరి 11, మంగళవారం

నాకు కోపం లేదు.

ఫిబ్రవరి 13, గురువారం

మూడు రోజులుగా అన్నం సయించడం లేదు. మా ఆయన చూసీ చూసీ ఇవాళ అడిగాడు. చెప్పాను. విని, పేపరు మడిచి పక్కన పెట్టి, అయినా అప్పట్లో ఈ పద్ధతి గురించి కలిసి రాద్దామని ఆ అమ్మాయి మనింటికే వచ్చింది కదా, ఇక్కడే కూర్చుంది కదా అన్నాడు. ఈయనకి మతిమరుపు ఎక్కువ. పాలు తెమ్మంటే మరిచిపోతాడు, అక్కర్లేనివన్నీ గుర్తు పెట్టుకుంటాడు. ఆ పిల్ల ఎన్నింటికో వచ్చేది, ఎన్నో అడిగేది. ఏం అడిగిందో నాకు ఇప్పుడెలా గుర్తుంటుంది?

వెళ్ళి మొహం మీదే అడిగెయ్యమన్నాడు. అడిగితే ఏమవుతుంది? కళ్ళనీళ్ళు పెట్టుకుంటుంది. అప్పుడు నేనే ఓదార్చాలి. అక్కర్లేదు. నాలుగు గోడల మధ్య ఏడిస్తే నాకేం లాభం? పదిమంది ముందు తల దించుకోవాలి. అప్పుడు చల్లారుతుంది నా కడుపు.

ఫిబ్రవరి 14, శుక్రవారం

దానంతట అదే నడిచొచ్చింది.

మధ్యాహ్నం పిల్లలు బయట ఆడుకుంటుంటే తలూపుడమ్మ నా గది గుమ్మంలో నిలబడింది. లోపలికి రమ్మనలేదు, వచ్చింది. ఆఫీసరు ముందు చేసి చూపించడానికి తన మూడో తరగతి పిల్లలు చాలరట, వాళ్ళకింకా గడగడా చదవడం రాలేదట, నా పిల్లలైతే బావుంటుందని హెడ్మాష్టారు అన్నారట. ఈ మాటలన్నీ కిటికీకి చెప్పింది, నాకు కాదు.

"మీకు ఇష్టమైతేనే అక్కా. పుస్తకం కూడా మీరే ఎంచుకోండి. చరిత్ర పుస్తకం ఏదైనా సరే."

ఒళ్ళంతా మంటెత్తింది. దొంగిలించిన సొత్తుని మోసిపెట్టడానికి కూలీ కూడా నేనే కావాలన్నమాట. కానీ నా నోటమ్మట వచ్చిన మాటకి నాకే ఆశ్చర్యం వేసింది.

"దానిదేముంది, అలాగే. మంచి పుస్తకం చూస్తాలే," అన్నాను. నవ్వాను కూడా.

పుస్తకం కూడా నేనే ఎంచుకోవాలట. పాపం, ఎవరి చేతికి ఏమిస్తోందో దానికి తెలియదు.

ఫిబ్రవరి 16, ఆదివారం

లైబ్రరీకి వెళ్ళాను. ఊరి చరిత్ర అని ఎప్పుడో ఒక మునసబు ఆఫీసు గుమాస్తా రాసిన లావుపాటి పుస్తకం ఉంది. అట్ట ఊడిపోయింది, చెదలు సగం తినేసింది. దుమ్ముకి తుమ్ములే తుమ్ములు. లైబ్రేరియన్ విసుక్కుంటూ కిటికీ తెరిచాడు.

అందులో మన రాతి వంతెన కథ ఉంది. రోజూ ఆ వంతెన మీదే బస్సులో వస్తాను, నాకే తెలియదు. నది రెండుసార్లు స్తంభాలని ఊడబెరుక్కుపోయిందట. అప్పుడొక ముసలి మేస్త్రీ, ప్రవాహంతో కొట్లాడకూడదు, స్తంభం ముందు వైపు పడవ ముక్కులా కోస్తే నీళ్ళు వాటంతటవే రెండుగా చీలి పోతాయి అని చెప్పాడట. ఆయన దగ్గర ఒక శిష్యుడు. ఇంట్లో పెట్టుకుని తిండి పెట్టి పని నేర్పాడట. వాడు పట్నం వెళ్ళి చదువుకుని ఇంజనీరై తిరిగొచ్చి, అదే స్తంభాన్ని కాగితం మీద గీసి కట్టించాడు. వంతెన మొదట్లో పలకరాయి మీద ఉన్నది ఆ ఇంజనీరు పేరే. మేస్త్రీ పేరు ఊళ్ళో ఎవరికీ తెలియదు.

చదివిందే మళ్ళీ చదివాను. నా కోసమే రాసి దాచిపెట్టినట్టున్నాడు ఆ గుమాస్తా.

ఫిబ్రవరి 18, మంగళవారం

నేనే రాస్తున్నాను. పిల్లలు చదివేలా, చిన్న చిన్న వాక్యాలతో, ఎనిమిది పేజీల పుస్తకం. పేరు 'పడవ ముక్కు స్తంభం'. ఇంత హాయిగా ఏదీ రాయలేదు ఈ మధ్య. శిష్యుడు గురువు వెనకే తిరుగుతూ ప్రతిదానికీ తలూపుతాడని ఒక వాక్యం రాశాను. గుమాస్తా పుస్తకంలో ఆ మాట లేదు. ఏం, ఊపి ఉండడా?

వంతెన ప్రారంభం రోజున అవతలి గట్టున ఒక్కడే కూర్చుని చూస్తున్న మేస్త్రీతో కథ ముగించాను. ఆయన నోటమ్మట ఒక్క మాట కూడా రానివ్వలేదు, కావాలనే. పిల్లలు ఖాళీ కుర్చీలో ఆయన్నే కూర్చోబెట్టాలి. ఆఫీసరు ముందు, హెడ్మాష్టారు ముందు, దాని ముందు, ఎవరో ఒక పిల్ల లేచి ఆ కుర్చీలో కూర్చుని, నా పని నువ్వెందుకు ఎత్తుకుపోయావు అని అడగాలి.

గుమాస్తా ఇంకో రెండు సంగతులు కూడా రాశాడు. ప్రారంభానికి రమ్మని శిష్యుడు మనిషిని పంపాడని, ముసలాయన రానన్నాడని. మూడో స్తంభం అడుగున ఏదో రాయి మీద ఆయన పేరు చెక్కించాడని. అవి వదిలేశాను. పుస్తకం పొడుగైపోతే పిల్లలు చదవరు. అయినా ఆ రాయి ఎప్పుడూ నీళ్ళలోనే ఉండి ఉంటుంది, ఉందో కొట్టుకుపోయిందో కూడా తెలియదు.

ఫిబ్రవరి 20, గురువారం

టైపు చేయించి జిరాక్సులు తీయించాను. అట్ట మీద నా పేరు వేయలేదు. కావాలనే. అంతా అయ్యాక ఆఫీసరు, బావుందే, ఇది ఎవరు రాశారు అని అడగకుండా ఉండదు. అప్పుడు లేస్తాను. "నేనే రాశానండీ. వంతెన ఊళ్ళోదే అయినా, కథ మాత్రం ఈ బడిలోదే." అంతే. ఇంకొక్క మాట అక్కర్లేదు.

అద్దం ముందు చెప్పి చూసుకున్నాను. గొంతు కొంచెం వణుకుతోంది. ప్రాక్టీసు చెయ్యాలి.

ఫిబ్రవరి 24, సోమవారం

పిల్లలు పుస్తకం పట్టుకున్నారు. నా పిల్లలు బంగారాలు. ఆరో పేజీకి వచ్చేసరికి ప్రశ్నల పెద్ద పుస్తకం బల్లకేసి కొట్టి, ఈ శిష్యుడు దొంగ, టీచర్, అన్నాడు. నాకు లోపల్లోపల ఎంత సంతోషం వేసిందో చెప్పలేను. అలా అనకూడదు నాన్నా, ఆధారం చూపించి అనాలి అన్నాను పైకి.

వకీలు మాత్రం మాట్లాడలేదు. ఆ పిల్లని అసలు పేరుతో పిలిచి చాలా రోజులైంది, బడంతా వకీలే అంటుంది. ఏడాది మొదట్లో నా క్లాసుకి వచ్చినప్పుడు ఒత్తులొస్తే ఆగిపోయేది, పుస్తకం ఇస్తే దాని వెనక మొహం దాచుకునేది. ఖాళీ కుర్చీలో కూర్చోవాలంటే ముందు పుస్తకం మొత్తం చదవాలి అన్నందుకు పట్టుబట్టి చదవడం నేర్చుకుంది. ఇప్పుడు నోట్లో వేలు పెడితే కొరుకుతుంది. ఈ పుస్తకానికి ఆనవాళ్ళ పోలీసు దాని వంతు.

ఈ పుస్తకంలో ఎవరు మాట్లాడలేదు అని అడిగాను. ముసలాయన, ముసలాయన అని అందరూ చేతులెత్తారు. నేను అనుకున్నట్టే అయింది. అప్పుడు వకీలు లేచింది.

"ముసలాయన నోరు విప్పలేదు కానీ టీచర్, రాసినవాళ్ళు మొదట్నుంచీ ఆయన తరఫునే మాట్లాడుతున్నారు కదా. శిష్యుడి తరఫున ఎవరు మాట్లాడారు?"

టైమైపోయింది, పుస్తకాలు సర్దుకోండి అన్నాను. ఇంకా బెల్లు కొట్టలేదు.

ఫిబ్రవరి 26, బుధవారం

ఇవాళ తలూపుడమ్మ మా సాధన చూడ్డానికి వచ్చింది. పుస్తకం అడిగింది. ఇచ్చాను. గోడకి ఆనుకుని నిలబడి, ఎనిమిది పేజీలూ చదివింది. నేను బోర్డు తుడుస్తూ ఓరకంట చూస్తూనే ఉన్నాను. మొహం పాలిపోయింది. శిష్యుడు తలూపే పేజీ దగ్గర చాలాసేపు ఆగింది.

ఇది ఎక్కడ దొరికింది అక్కా అని అడిగింది.

"స్టోర్ రూములో పాత అలమారులో. ఎవరు రాశారో ఏమో," అన్నాను.

బావుంది అని పుస్తకం తిరిగిచ్చి వెళ్ళిపోయింది. తల ఊపలేదు. ఇన్నేళ్ళలో మొదటిసారి.

ఇంటికొచ్చి మా ఆయనకి ఇష్టమైన కూర వండాను. ఏమిటి విశేషం అన్నాడు. ఏం లేదన్నాను. నాకు నిజంగానే కోపం లేదు. న్యాయం జరగాలనే తప్ప.

మార్చి 3, సోమవారం

వకీలు నిన్న వాళ్ళ నాన్నతో వంతెన దగ్గరికి వెళ్ళొచ్చిందట. వాళ్ళ నాన్న బస్సు డ్రైవరు, సెలవు రోజు కూడా దీనితో వంతెన చుట్టూ తిరగాల్సొచ్చిందని నవ్వుతూ గేటు దగ్గర చెప్పి వెళ్ళాడు. ఏం చూశావే అని దాన్ని అడిగాను. శుక్రవారం ఆఫీసరు వచ్చినప్పుడు చెప్తా టీచర్, ఇప్పుడు చెప్తే ఆనవాలు పాతబడిపోతుంది అంది. ఆ మాట కూడా నాదే, ఏడాది మొదట్లో నేనే నేర్పాను.

పలకరాయి చూసి ఉంటుంది. ఇంకేముంటుంది చూడ్డానికి? వంతెన మీద బస్సు వెళ్తున్నప్పుడు కిందకి చూడాలనుకున్నాను, నీళ్ళు ఎంతున్నాయో. కిటికీ పక్క సీటు దొరకలేదు. దొరికినా చూసేదాన్ని కాదేమో. ఏం అవసరం?

మార్చి 6, గురువారం

బట్టలు ఇస్త్రీ చేసి పెట్టుకున్నాను. గొంతు వణకడం లేదు. రేపు.

మార్చి 7, శుక్రవారం

ఎక్కడ మొదలుపెట్టాలో తెలియడం లేదు. వరసగా రాస్తాను.

ఆఫీసరు మంచి మనిషిలాగే ఉంది. లావుపాటి ఆవిడ, కళ్ళజోడు గొలుసుకి వేలాడుతోంది, పిల్లల చిన్న కుర్చీ ఇస్తే అందులోనే సర్దుకుని కూర్చుంది. పక్కన హెడ్మాష్టారు, ఆయన పక్కన తలూపుడమ్మ. నేను బోర్డు పక్కన నిలబడ్డాను. పరిచయం చేస్తూ హెడ్మాష్టారు, ఈ పిల్లలు అయిదో తరగతి, వీళ్ళ టీచరుగారు సహకరించారు అన్నాడు. సహకరించారు! పళ్ళు నూరుకున్నాను. కానియ్, ఇంకో గంట అనుకున్నాను.

పిల్లలు మొదలుపెట్టారు. మాటల వేటగాడు 'పునాది' అన్న మాట పట్టుకుని ఎక్కడెక్కడ వచ్చిందో చదివి వినిపించాడు. బొమ్మల పిల్ల స్తంభం గీసిన కాగితం ఎత్తి చూపించి, నీళ్ళు ఎలా చీలతాయో వేలితో చూపించింది. ప్రశ్నల పెద్ద, ముసలాయన ఆ రోజే వెళ్ళి ఎందుకు అడగలేదు అని అడిగాడు. భయపడ్డాడని ఒకరు, సిగ్గుపడ్డాడని ఒకరు. ఆఫీసరు ముందుకి వంగి వింటోంది. నేను తలూపుడమ్మనే చూస్తున్నాను. ఒళ్ళో చేతులు బిగించుకుని, నేల చూపులు చూస్తోంది. నా ప్రాణం హాయిగా ఉంది.

ఆనవాళ్ళ పోలీసు అని పిలిచాను. వకీలు లేచి ఒక పెద్ద కాగితం చుట్ట విప్పింది. కాగితమంతా పెన్సిలుతో నల్లగా రుద్దింది, మధ్యలో తెల్లగా అక్షరాలు తేలాయి. నాణెం మీద కాగితం పెట్టి రుద్దుతారే, అలా. నదిలో నీళ్ళు తగ్గిపోయాయట. మూడో స్తంభం అడుగున నాచు పట్టిన రాయి కనిపిస్తే, వాళ్ళ నాన్న చెప్పుతో నాచు గీకాడట, ఇది కాగితం పరిచి రుద్దుకొచ్చిందట.

వేలు పెట్టి ఒక్కొక్క అక్షరమే చదివింది. "ఈ స్తంభముల రూపు నా గురువుగారిది." దాని కింద మేస్త్రీ పేరు.

ఒత్తులన్నీ సరిగ్గా చదివింది. అది గమనించానంటే నాకే నవ్వొస్తోంది ఇప్పుడు.

తలూపుడమ్మ తలెత్తి నా వైపు చూసింది. పిల్లలు గోడ మీదున్న మా చార్టు వైపు తిరిగారు. ప్రతి పుస్తకానికీ అందులో రెండు గళ్ళు నింపుతాం. ఎవరిని మాట్లాడనివ్వలేదు, ఎందుకు. మొదటి గడిలో అంతకుముందు రాసిన 'మేస్త్రీ'ని కొట్టేసి వకీలు 'శిష్యుడు' అని రాసింది. ఎందుకు అన్న గడి దగ్గర అందరూ గుసగుసలాడుకున్నారు. రాసినవాళ్ళకి ఆ రాయి సంగతి తెలియదేమో అన్నాడు ప్రశ్నల పెద్ద. ఊళ్ళోవాళ్ళకి తెలియకపోతే పోనీ, పుస్తకం రాసేవాళ్ళు చూసుకోకుండా ఎలా రాస్తారు అంది వకీలు. కాసేపు ఆలోచించి, రాసింది. పైకి చదువుతూ రాసింది, అలాగే రాయాలి కాబట్టి.

"రాసినవాళ్ళకి ఈయన మీద కోపం ఉన్నట్టుంది."

తర్వాత వెళ్ళి ఖాళీ కుర్చీలో కూర్చుంది. శిష్యుడిగా. నేను ఆపలేదు. ఆపకూడదు, నియమం.

"పైన పలకరాయి మీద గురువుగారి పేరు పెట్టమంటే పెద్దవాళ్ళు ఒప్పుకోలేదేమో. లేకపోతే నాకే పెట్టబుద్ధి కాలేదేమో, నా పేరు ఒక్కటే ఉంటే బావుంటుందని. తర్వాత మనసాగలేదు. అందుకే కిందైనా చెక్కించాను. ఆయన వచ్చి చూస్తే బావుండేది. నేను పిలిచే ఉంటాను. ఆయన రాలేదు. కోపం వచ్చినవాళ్ళు పిలిచినా రారు, మా నానమ్మ కూడా అంతే. గురువుగారూ, మీ పేరు నీళ్ళలో ఉంది. వేసవిలో వస్తే కనబడుతుంది."

పిలిచే ఉంటాడట. దానికెలా తెలుసు? గుమాస్తా పుస్తకం దానికెవరు చూపించారు? ఎవరూ చూపించలేదు. నేనే నేర్పాను, రాయని దాని గురించి కూడా ఆలోచించమని.

ఆఫీసరు కళ్ళజోడు తీసి తుడుచుకుంది. చప్పట్లు మోగాయి. నా బల్ల మీదున్న పుస్తకం తీసుకుని అటూ ఇటూ తిప్పి, అట్ట చూసి, సరిగ్గా నేను అనుకున్న మాటే అడిగింది. "బావుందే, ఇది ఎవరు రాశారు? పేరు లేదు."

నా వంతు వచ్చింది. నెల్లాళ్ళు ఎదురుచూసిన వంతు. హెడ్మాష్టారు తెల్లమొహం వేశాడు. పిల్లలంతా నా వైపు తిరిగారు, ఎవరికైనా తెలిస్తే టీచర్‌కే తెలియాలి కాబట్టి. వాళ్ళ వెనక గోడ మీద చార్టు. రాసినవాళ్ళకి కోపం. నా పేరు పదిమంది ముందు చెప్పాలని ఎంత తపించానో, ఇప్పుడు చెబితే ఆ గడిలో పడేది నా పేరే. నోరు తెరిచాను. నీళ్ళు నమిలాను.

తలూపుడమ్మ లేచింది. మెల్లగా, స్పష్టంగా చెప్పింది.

"స్టోర్ రూములో పాత అలమారులో దొరికిందండీ. ఎవరు రాశారో తెలియదు."

నా మాటే. పొల్లుపోకుండా. నన్ను కాపాడిందో, రెండోసారి నా పేరు ఎత్తుకుపోయిందో, ఇంతవరకూ తేల్చుకోలేకపోతున్నాను. నేను అవునని తలూపాను.

అవును. నేనే ఊపాను.

మార్చి 8, శనివారం

ఒంటిపూట బడి. గంట కొట్టాక ఆవిడ గదికి వెళ్ళాను. మూడో తరగతి పిల్లల బొమ్మలు గోడ నుంచి తీస్తోంది. అన్ని బళ్ళకీ తిరిగే పని ఆవిడకే ఇచ్చారట, నిన్ననే చెప్పేశారట. నాకు ఎవరూ చెప్పలేదు.

ఎందుకలా చెప్పావు అని అడిగాను. ఏది అక్కా అని అడగలేదు, అంతవరకూ మెచ్చుకోవాలి.

"మీరు చెప్తారేమోనని చూశాను. మీరు చెప్పలేదు."

నా పద్ధతి నీ పేరు మీద ఎందుకు పంపావు అని కూడా అడిగాను. నెల రోజుల తర్వాత, గుమ్మంలో నిలబడి, ఇస్త్రీ నలిగిన బట్టల్లో. ఇలా అడగాల్సిన మాట కాదు అది. బొమ్మలన్నీ బల్ల మీద పెట్టి నా వైపు తిరిగింది. కళ్ళనీళ్ళు పెట్టుకోలేదు.

"కలిసి రాద్దామని మీ ఇంటికొచ్చి అడిగాను అక్కా. ఇవన్నీ కాగితాల మీద పెట్టేవి కాదు, రాయడం వచ్చినవాళ్ళకి పాఠం చెప్పడం రాదు, నువ్వేం రాసుకుంటావో రాసుకో అన్నారు. రాసుకున్నాను. మీ పేరు పెట్టాల్సింది. పెడితే మీకు చూపించాలి, చూపిస్తే ఇది తప్పు అది తప్పు అని మొత్తం కొట్టేస్తారు. అందుకని పెట్టలేదు. భయం వల్ల కొంత. ఆశ వల్ల కొంత. నాకు రాయి చెక్కించాలని కూడా తోచలేదు. ఆ శిష్యుడు నాకంటే నయం."

క్షమించమని అడుగుతుందేమోనని చూశాను. అడగలేదు. నేను క్షమించను కాబట్టి అడక్కపోవడమే మంచిది. రాసుకో అన్న మాట నిజమే. రాసుకోమన్నాను కానీ ఎత్తుకుపొమ్మన్నానా? రెండూ ఒకటేనా?

మా ఆయన ఏమైంది అని అడిగాడు. నీకు అన్నీ గుర్తుంటాయి కదా, నీకే తెలియాలి అని విసుక్కున్నాను. పాపం, ఆయన పాలు తేవడానికి వెళ్ళాడు. ఇవాళ మరిచిపోలేదు.

మార్చి 9, ఆదివారం

ఈ డైరీలో కోపం లేదు, కోపం లేదు అని రాసిన చోట్లన్నీ వెనక్కి తిప్పి చూశాను.

మార్చి 10, సోమవారం

బడికి వెళ్ళబుద్ధి కాలేదు. వెళ్ళాను.

బస్సులో ఇవాళ కిటికీ పక్క సీటు దొరికింది. కిందకి చూశాను. మూడో స్తంభం అడుగున నాచు గీకిన చోటు పైనుంచే తెల్లగా కనిపిస్తోంది. అంత బాగా కనిపిస్తుందని అనుకోలేదు.

చార్టు అలాగే ఉంది. చించెయ్యాలని చెయ్యి వెళ్ళింది. పిల్లలు అప్పటికే లోపలికొచ్చేశారు. కొత్త పుస్తకం పంచబోతుంటే వకీలు, ఇది ఇంకా అయిపోలేదు టీచర్ అంది. ఏం కాలేదే అన్నాను. శిష్యుడి తరఫున మాట్లాడాం, మేస్త్రీ తరఫున పుస్తకమే మాట్లాడింది, ఇక రాసినవాళ్ళు మిగిలారు కదా అంది. కోపం ఉన్నట్టుంది అని మనమే రాసేశాం, వాళ్ళని అడగలేదు, అది తప్పు కదా, వాళ్ళకీ ఒక కుర్చీ వెయ్యాలి అంది. అంతా అవును అవును అన్నారు. ఎవరు కూర్చుంటారు అంటే మాత్రం ఒక్క చెయ్యీ లేవలేదు. ప్రశ్నల పెద్ద, వాళ్ళెవరో ఏమీ తెలియదు, ఏం మాట్లాడతాం అన్నాడు. వకీలు నన్నే చూస్తోంది. దానికేమైనా అనుమానం ఉందా అని ఆ మొహంలో వెతికాను. ఏమీ కనబడలేదు. పదేళ్ళ పిల్ల మొహం, అంతే.

"మీరు కూర్చోండి టీచర్. పుస్తకం మీకే దొరికింది కదా."

అలమారులో అని ఒక్క మాట అంటే సరిపోయేది. పిల్లలు నమ్ముతారు. వాళ్ళు నేనేం చెప్పినా నమ్ముతారు, పుస్తకాలనే నమ్మరు. అలా పెంచాను.

కూర్చున్నాను. చిన్న కుర్చీ, మోకాళ్ళు గడ్డానికి తగిలాయి. ఒకరిద్దరు నవ్వారు. వకీలు గంభీరంగా లేచి నిలబడి, నియమం చెప్పింది. ఖాళీ కుర్చీలో ఉన్నవాళ్ళు మాట్లాడినంతసేపూ ఎవరూ అడ్డు రాకూడదు.

వరండాలో అడుగుల చప్పుడు వినిపించింది. మూడో తరగతి వాళ్ళ సామాను మోసుకుంటూ ఎవరో వెళ్తున్నారు. ఆవిడేనేమో. ఆగిందో లేదో చూడలేదు.

దాని మీద కోపం ఇంకా ఉంది. రాస్తున్నాను, ఉంది. ఆ పని నాది. అది రేపో ఎల్లుండో నా కుర్చీలు వేసుకుంటూ బడి బడికీ తిరుగుతుంది, తలుచుకుంటే ఇప్పటికీ కడుపు రగులుతోంది. కానీ పిల్లలు నా మొహం వైపే చూస్తూ ఎదురుచూస్తున్నారు.

"ఈ పుస్తకం రాసింది నేనే," అన్నాను. "ఆ రాయి సంగతి నాకు ముందే తెలుసు."

ఎవరైనా అడ్డొస్తే బావుండుననిపించింది. ప్రశ్నల పెద్ద నోరు తెరిచాడు కానీ వకీలు వాడి మోచెయ్యి పట్టుకుని ఆపేసింది. నేను మాట్లాడటం అయ్యేదాకా ఎవరూ అడ్డు రాలేదు.